తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో నిలకడైన పర్యాటకం మొదలుపెట్టడం ఎలా

తిరుమలకు రోజూ 60,000 మందికి పైగా భక్తులు వస్తారు. వారిలో చాలామంది దర్శనం చేసుకొని, కుదిరితే తిరుచానూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి కూడా చూసుకొని ఆ రాత్రికే బండి ఎక్కుతారు. శేషాచలం కోనలు, చంద్రగిరి కోట, రెండు వేల ఏళ్లకు పైబడిన శివలింగం ఉన్న గుడిమల్లం, కలంకారీ పనివారి ఇళ్లు వారు వచ్చిన దారికి కాస్త పక్కగానే ఉన్నా వారి కంట పడవు. ఆ భక్తుల్లో నూటికి ఒక్కరు ఒక్క రాత్రి మన పల్లెల్లో ఆగినా రోజుకు 600 మంది అవుతారు. ఆ 600 మందీ ఒకే ఊరి మీద పడితే ఊరి బావి, దారి, మర్యాద మూడూ చెడతాయి. ముప్పై ఊళ్లకు పంచితే ఊరికి ఇరవై మందే వస్తారు, ఇరవై మందికి సంగటి వండిపెట్టడం ఏ ఊరికీ భారం కాదు.

పంచాయతీ సభ్యులు, డ్వాక్రా సంఘాల మహిళలు, వన సంరక్షణ సమితులు, చదువు ముగించి ఊళ్లోనే ఉపాధి వెతుక్కుంటున్న యువకులు ఈ పని మొదలుపెట్టాలనుకుంటే ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. సాధారణంగా అందరూ ప్రచారంతో మొదలుపెడతారు. నేను దాన్ని తొమ్మిదో పనిగా పెట్టాను, అందుకు కారణం చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మొదటి పని: ఆ నేల ఎవరిదో తెలుసుకోండి

మీరు చూపించదలచిన జలపాతమో గుట్టో పాత మండపమో ఎవరి అధీనంలో ఉందో కాగితం మీద తేల్చుకోకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. మన ప్రాంతంలో అందమైన చోట్లలో ఎక్కువ భాగం అటవీ శాఖ చేతిలో ఉంటాయి. తలకోన జలపాతం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉంది. పలమనేరు నుంచి కుప్పం వెళ్లే దారిలో దుముకురాళ్లని మనవాళ్లు పిలుచుకునే కైగల్ జలపాతం, ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం పరిధిలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి చోట్లకు అనుమతి లేకుండా వెళ్లడమే నేరం. పైగా ఎర్రచందనం దొంగల బెడద ఉన్న అడవి కాబట్టి, దారి తప్పిన అమాయకుడైనా సరే అధికారుల కంట అనుమానితుడే అవుతాడు. అందుకని రేంజ్ అధికారిని ముందుగా కలవండి. ఊరి పటం, సర్వే నంబర్లు దగ్గర పెట్టుకొని, ఏ దారి వరకు వెళ్లవచ్చు, ఏ నెలల్లో వెళ్లకూడదు, రుసుము ఎవరు వసూలు చేయాలి, దానిలో ఊరికి ఎంత వస్తుంది అన్న నాలుగు ప్రశ్నలకూ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

పాత కట్టడాల విషయంలో మరో చిక్కు ఉంది. చంద్రగిరి కోట, గుడిమల్లం పరశురామేశ్వరాలయం లాంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. గుడి పక్కనే గదులు కట్టి అద్దెకిద్దామని అప్పు చేసి పునాది తీసినవారు ఆ తర్వాత నోటీసు అందుకొని కుమిలిపోవడం నాకు తెలుసు. వారికి ముందుగా చెప్పేవారు లేకపోయారు.

రెండో పని: ఊరి సొత్తును రెండు జాబితాలుగా రాయండి

మొదటి జాబితాలో చూపించదగినవి రాయండి. దీన్ని ఒక్కరోజులో గదిలో కూర్చొని రాయలేరు. ఊళ్లోని ముసలివారు ఇద్దరు ముగ్గురు, గొర్రెల కాపరులు, బడి పిల్లలు కలిసి కాలానికి ఒకసారి చొప్పున ఊరి పొలిమేర చుట్టూ నడవాలి. ఎందుకంటే మన ప్రాంతానికి ఒక్కో నెలలో ఒక్కో ముఖం ఉంటుంది. కోనల్లో నీళ్లు ఈశాన్య రుతుపవనాలు కురిసే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బాగా దూకుతాయి, వేసవిలో వచ్చినవాడు తడి రాయి మాత్రమే చూస్తాడు. సూళ్లూరుపేట వైపు నేలపట్టులో గూడబాతులు (పెలికన్లు) అక్టోబరు నుంచి మార్చి వరకు గూళ్లు కట్టి పిల్లలను లేపుతాయి, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు బారులు తీరేదీ ఆ చలికాలంలోనే. అనపకాయలు డిసెంబరు, జనవరి నెలల్లో వస్తాయి, పితికిపప్పు కూర తినాలంటే అప్పుడే రావాలి. మామిడి తోపులు మే నుంచి నిండుగా ఉంటాయి. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర మహాభారత ఉత్సవాలు ఎండాకాలంలో జరుగుతాయి. ఇలా పన్నెండు నెలల పట్టిక ఒకటి తయారైతే, ఏ నెలలో ఎవరిని ఏ పేరున పిలవాలో దానంతట అదే తేలుతుంది. ఏ నెలలో ఎవరినీ పిలవకూడదో కూడా తేలుతుంది, అది అంతకంటే ముఖ్యం.

రెండో జాబితాలో చూపించకూడనివి రాయండి. మీ ఊరి పేరు పది మందికి తెలిసిన నాడు మిమ్మల్ని కాపాడేది ఈ జాబితాయే. శేషాచలం కొండల్లో తప్ప సహజంగా మరెక్కడా పెరగని సైకస్ బెడ్డోమీ లాంటి మొక్కలు ఉన్నాయి, రాతి సందుల్లో బతికే బంగారు బల్లులు ఉన్నాయి, రాత్రిపూట చెట్ల మీద తిరిగే దేవాంగ పిల్లులు ఉన్నాయి. ఇవి ఫలానా గుట్ట వెనుక ఉన్నాయని ఒక్క ఫొటోతో లోకానికి చెప్పేస్తే, వాటిని అమ్ముకునేవాడికి చిరునామా ఇచ్చినట్లే. మీ అతిథులకు ఈ జీవుల గురించి చెప్పండి, వాటి చోటు మాత్రం చెప్పకండి. అలాగే యానాదుల మందు మూలికల పరిజ్ఞానం, ఇంటి దేవర పూజలు, శ్మశానం దారి, ఆడవారు స్నానానికి వెళ్లే రేవు ఎవరి కెమెరాకూ వస్తువులు కావు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ఊరి మొక్కల, జీవుల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఒకటి రాయాలి. చాలా ఊళ్లలో ఈ కమిటీ కాగితాల మీదే ఉంది. మీరు చేసే ఈ నడకలతో దాన్ని బతికించండి, మీ జాబితాకు చట్టం అండ కూడా దొరుకుతుంది.

మూడో పని: గ్రామసభ

ఇది పేరుకు జరిపే సభ కాకూడదు. అతిథులు వస్తే లాభపడేవారు ఇల్లు ఉన్నవారు, కారు ఉన్నవారు, రోడ్డు పక్కన స్థలం ఉన్నవారు. నష్టపడేవారు నీళ్లకు కుళాయి దగ్గర నిలబడేవారు, కోనలో పశువులు మేపేవారు, రాత్రి నిద్ర చెడేవారు. రెండో వర్గం మాట్లాడేదాకా తీర్మానం రాయకండి. సభను దళితవాడలో కూడా ఒకసారి పెట్టండి. ఆడవాళ్లతో వేరుగా కూర్చొని, అదనపు వంట, అదనపు ఊడ్పు, అదనపు నీళ్ల మోత ఎవరి మీద పడుతుందో అడిగి తెలుసుకోండి. ఆ పనికి కూలి ఎంతో తీర్మానంలోనే రాయండి, దాన్ని సాయం కింద జమకట్టకండి.

నాలుగో పని: రోజుకు ఎంతమంది?

ఈ ఒక్క అంకె మీదే మిగతా అంతా ఆధారపడి ఉంటుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఒక కోనలో మడుగు ఉందనుకోండి. మడుగు ఒడ్డున జారకుండా నిలబడగలిగిన చోటు 300 చదరపు మీటర్లు, ఒక్కొక్కరికి 5 చదరపు మీటర్లు కావాలనుకుంటే ఒకేసారి 60 మంది ఉండవచ్చు. ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు ఎనిమిది గంటలు తెరిచి ఉంచితే, ఒక్కొక్కరు రెండు గంటలు గడిపితే, రోజుకు నాలుగు వంతులు వస్తాయి. అంటే చోటును బట్టి లెక్క 240 మంది.

ఇక్కడితో ఆగితే తప్పు లెక్క అవుతుంది. మరుగుదొడ్లు నాలుగు ఉన్నాయి, గంటకు ఒక్కోదాన్ని పది మంది వాడగలరు అనుకుంటే ఎనిమిది గంటలకు 320 మంది. బళ్లు నిలపడానికి పదిహేను కార్ల చోటు ఉంది, కారుకు నలుగురు చొప్పున నాలుగు వంతులకు 240 మంది. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి, ఊరి అవసరం తీరాక మీ బోరు రోజుకు 1,500 లీటర్లు మాత్రమే ఇవ్వగలదు, మనిషికి తాగడానికీ కడుక్కోవడానికీ 10 లీటర్లు కావాలి, కాబట్టి 150 మంది. ఈ నాలుగు అంకెల్లో ఏది చిన్నదో అదే మీ హద్దు. ఈ ఊరికి 150. ఏప్రిల్ వచ్చేసరికి బోరు సగానికి పడిపోతే హద్దు 75 అవుతుంది. వాన పడ్డ రోజున, అడవిలో మంట భయం ఉన్న వారాల్లో, పక్షులు గూళ్లు కట్టే చోట ఆ నెలల్లో హద్దు సున్నా కావచ్చు.

నేలపట్టు చుట్టుపక్కల రైతులను చూడండి. గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి బలమని వారికి తెలుసు, అందుకే ఆ పక్షులను తమవిగా భావించి కాపాడుతూ వచ్చారు. పక్షి వల్ల తమకు మేలు ఉందని తెలిసిన ఊరికి హద్దు ఎందుకో ఎవరూ పనిగట్టుకొని బోధించనక్కర్లేదు. మీ ఊళ్లో కూడా అడవికీ కోనకూ ఊరి బతుకుకూ ఉన్న ఇలాంటి ముడి ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకొని గ్రామసభలో చెప్పండి.

హద్దును నిలబెట్టడానికి కోన మొదట్లో ఒక తనిఖీ చోటు, ఒక పుస్తకం, ఇద్దరు మనుషులు చాలు. శని, ఆదివారాల్లో చెన్నై నుంచి, బెంగళూరు నుంచి వచ్చేవారు ఒక్కసారిగా పెరుగుతారు కాబట్టి ఆ రెండు రోజులకు ముందస్తు నమోదు పెట్టండి. హద్దు నిండాక వచ్చినవారిని వట్టి చేతులతో పంపకుండా, పక్క ఊరికి దారి చూపించండి. పక్క ఊరు కూడా మీకు అలాగే చేయాలి. ముప్పై ఊళ్లకు పంచడమంటే ఆచరణలో ఇదే.

ఐదో పని: బస, భోజనం

కొత్త కట్టడం వద్దు. ఉన్న ఇళ్లలో ఒక గది, శుభ్రమైన మరుగుదొడ్డి, దోమతెర, తాళం వేసుకోగల తలుపు ఉంటే చాలు. మరుగుదొడ్డి గుంత తాగునీటి బోరుకు దూరంగా, నీరు ప్రవహించే వాలుకు దిగువన ఉండాలి, ఇది ఒక్కటి తప్పితే ఊరంతా జబ్బు పడుతుంది. హోమ్‌స్టేగా పర్యాటక శాఖ దగ్గర నమోదు చేయించుకోండి. వంట అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు కావాలి. విదేశీయులు బస చేస్తే వారి వివరాలు 24 గంటల్లోగా విదేశీయుల నమోదు అధికారికి తెలియజేయాలి. తెలియక వదిలేసినా తప్పు తప్పే.

భోజనంలో మన వంటే పెట్టండి. రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, నాటుకోడి పులుసు, పచ్చిపులుసు, కాలాన్ని బట్టి అనపగింజల చారు, ఎండాకాలంలో మామిడికాయ పప్పు. పట్నం నుంచి వచ్చినవారికి ఇవి నచ్చవేమోనని నూడుల్స్, ఫ్రైడ్ రైస్ నేర్చుకుంటున్న ఇళ్లను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ దినుసులు కొన్న డబ్బు ఆ రోజే పట్నానికి తిరిగి వెళ్లిపోతుంది. రాగులు, చెనక్కాయలు, బెల్లం, కోడి ఊళ్లోనే కొంటే అతిథి ఇచ్చిన రూపాయి నాలుగు ఇళ్లు తిరుగుతుంది. బస వంతులవారీగా సాగాలి, ఈ రోజు ఏ ఇంటి వంతో సంఘం పుస్తకంలో రాసి ఉండాలి. మంచి గది ఉన్న ఒక్క ఇంటికే అందరూ పోతే రెండేళ్లలో ఊరు రెండుగా చీలుతుంది.

ఆరో పని: చేతిపనులను చూపించడం

శ్రీకాళహస్తి కలంకారీని ఉదాహరణగా తీసుకుందాం. నూలు బట్టను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు, పాల వల్ల రంగు పక్కకు పాకదు. పాత ఇనుప ముక్కలను బెల్లంతో కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన కసిమితో, వెదురు కలంతో గీతలు గీస్తారు. కరక్కాయ తగిలిన చోట ఆ కసిమి నల్లగా మారుతుంది. పటిక పూసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మధ్య మధ్యలో బట్టను పారే నీటిలో మళ్లీ మళ్లీ ఉతకాలి. నిలవ నీటిలో ఉతికితే వదిలిన రంగు మళ్లీ బట్టకే అంటుతుంది. ఆ పారే నీరు స్వర్ణముఖి. కాబట్టి స్వర్ణముఖి గట్టున మనం కట్టే ప్రతి మురుగు కాలువా, పారబోసే ప్రతి ప్లాస్టిక్ సంచీ నేరుగా కలంకారీ మీద పడుతుంది. నదిని వదిలేసి కళను కాపాడతామనడం కుదరదు.

ఈ కళను చూపించే పద్ధతి ఒకటి చెబుతాను. పనివారి ఇంటికి ఒక విడతకు ఎనిమిది మందికి మించి తీసుకువెళ్లకండి. చూపించే రెండు గంటలకు వేరుగా రుసుము కట్టించండి, కొనడం కొనకపోవడం అతిథి ఇష్టం. లేకపోతే పనివారు పని మానుకొని రోజంతా ఊరికే వివరిస్తూ కూర్చోవలసి వస్తుంది. అతిథి చేత చిన్న గుడ్డ మీద ఒక గీత గీయించండి. చేయి వణికినప్పుడు ఆ దుప్పటి ధర ఎందుకు అంత ఉందో అతడికి వేరే చెప్పనక్కర్లేదు. భౌగోళిక గుర్తింపు ఉన్న చేతి పనికీ, తెర మీద అచ్చు కొట్టిన నకలుకూ తేడా చూపించండి, మీ ఊరి దుకాణంలో నకలు పెట్టకండి. ఏర్పేడు దగ్గర మాధవమాల కొయ్య శిల్పాలకూ ఇదే పద్ధతి సరిపోతుంది. అయితే ఎర్రచందనం బొమ్మ అడిగే కొనుగోలుదారుకు ఆ కొయ్య ఎక్కడి నుంచి వచ్చిందో చూపే అనుమతి కాగితం ఉంటేనే అమ్మండి.

ఏడో పని: జాతరలు, ఉత్సవాలు

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు మొక్కుగా కట్టుకుంటారు. చిత్తూరు పల్లెల్లో భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర దుర్యోధనుడి మట్టిబొమ్మ దగ్గర వధ, ఆ తర్వాత నిప్పుల గుండం ఉంటాయి. వీటిని అతిథి కోసం మార్చకండి, వేళలు కుదించకండి, మరో రోజున మళ్లీ ఆడించకండి. అతిథులకు ముందు రోజు సాయంత్రం అరగంట కూర్చోబెట్టి కథ చెప్పండి, ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కెమెరా దించాలో చెప్పండి. అమ్మవారికి మొక్కు చెల్లిస్తున్న మనిషి ముఖం మీదికి ఫోను పెట్టేవారిని అక్కడి నుంచి పంపించే అధికారం మీ వాలంటీర్లకు ఉండాలి.

ఎనిమిదో పని: చెత్త, ప్రమాదాలు

తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించినప్పుడు కుదరదన్నవారు ఉన్నారు, ఇప్పుడు భక్తులు గాజు, స్టీలు సీసాలతో తిరుగుతున్నారు. మీ తనిఖీ చోట ప్రతి ప్లాస్టిక్ సీసాకూ 20 రూపాయలు జమ తీసుకొని, తిరిగి చూపిస్తే వాపసు ఇవ్వండి. మద్యం సీసా కనిపిస్తే లోపలికి పంపకండి, ఇందులో బతిమాలుడు వద్దు.

కోనల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా రెండు కారణాల వల్ల. లోతు తెలియని మడుగులో దూకడం ఒకటి. ఇక్కడ ఎండగా ఉన్నా కొండ మీద ఎక్కడో పడిన వానకు నీరు ఉన్నట్టుండి ఎగదన్నడం రెండోది. మడుగు లోతును రాతి మీద రంగుతో రాయించండి, గట్టున తాడు, గాలి నింపిన ట్యూబులు ఉంచండి, నీటి రంగు ఎర్రబడగానే అందరినీ పైకి రప్పించే ఈల ఒకటి ఊరి మనిషి మెడలో ఉండాలి. పాము కరిస్తే కోయకూడదు, పీల్చకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. కరిచిన కాలినో చేతినో కదలకుండా ఉంచి 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. లోయల్లో ఫోను పనిచేయదు కాబట్టి సిగ్నలు అందే చోటు వరకు పరుగెత్తే మనిషి ఎవరో ముందే నిర్ణయించండి. కౌండిన్య వైపు ఊళ్లయితే సాయంత్రం నాలుగు దాటాక ఎవరినీ దారి మీద ఉండనివ్వకండి, ఏనుగులు ఆ వేళకే నీటికి దిగుతాయి.

తొమ్మిదో పని: ఇప్పుడు నలుగురికీ చెప్పండి

మొదటి ఆరు నెలలు తెలిసినవారిని మాత్రమే పిలవండి. తిరుపతి విశ్వవిద్యాలయాల చరిత్ర, వృక్షశాస్త్ర విభాగాల విద్యార్థులను రప్పించి ఊరి యువకులకు నాలుగు మాటలు నేర్పించమనండి. ఆ యువకులే మీ గైడ్లు. వచ్చేవారిలో తమిళులు, కన్నడిగులు ఎక్కువ కాబట్టి బోర్డులూ సూచనలూ ఆ భాషల్లో కూడా ఉండాలి. దర్శనం టోకెనుకూ దర్శనానికీ మధ్య ఒక రోజు ఖాళీ దొరికిన కుటుంబమే మీకు తగిన అతిథి. వారికి ఉదయం చంద్రగిరి కోట, మధ్యాహ్నం మీ ఊళ్లో భోజనం, సాయంత్రం చెరువు కట్ట చాలు. ఒకే రోజులో ఆరు చోట్లు చూపిస్తామనకండి.

పదో పని: లెక్కలు, ఏటా ఒక నెల విరామం

ప్రతి నెలా వచ్చిన డబ్బు, పంచిన డబ్బు రచ్చబండ దగ్గర చదివి వినిపించండి. వెయ్యి రూపాయలు వస్తే ఆతిథ్యమిచ్చిన ఇంటికి 600, గైడుకు 150, ఊడ్పు, నీళ్ల పనికి 100, అడవి, చెరువు బాగుకు 100, ఊరి నిధికి 50 అన్నది నేను సూచించే పంపకం. మీ సభ దాన్ని మార్చుకోవచ్చు, కానీ చెరువు వంతును తీసివేయవద్దని మాత్రం గట్టిగా కోరుతున్నాను.

ఏడాదికి ఒక నెల పూర్తిగా మూసివేయండి. ఆ నెలలో నాలుగు సంగతులు కొలవండి: బోరులో నీటి మట్టం, గూళ్ల సంఖ్య, కోన దారిలో మట్టి ఎంత కోసుకుపోయింది, ఆడవాళ్లు ఎన్ని రోజులు పనిచేసి ఎంత పొందారు. వీటిలో రెండు పోయిన ఏటి కంటే చెడితే, నాలుగో పనిలో వేసిన లెక్కను మళ్లీ వేసి హద్దును తగ్గించండి. కొత్త అంకెను కోన మొదట్లోని బోర్డు మీద పెద్ద అక్షరాలతో, మార్చిన తేదీతో సహా రాయించి, తర్వాతే తాళం తీయండి.